12 శాతం కాలంలో ఇచ్చిన మాట

కొత్తగూడెం పోవాలంటే రైలు టికెట్టు మీద ఉండే పేరు భద్రాచలం రోడ్. భద్రాచలం అక్కడికి ఇంకో 40 కిలోమీటర్లు, అదీ గోదావరి దాటాక. మొదటిసారి వచ్చినవాళ్ళు స్టేషన్లో దిగి గుడి ఎటువైపని అడగడం మామూలే. వాళ్ళకి ఎదురుగా కనిపించేవి మాత్రం బొగ్గు వ్యాగన్లు. పేరు రాముడిది, పట్టాలు బొగ్గువి.

ఇక్కడ బొగ్గు బయటపడ్డ కథ కూడా ఆ దారిలోదే. 1870 ప్రాంతంలో భద్రాచలం వెళ్తున్న యాత్రికులు ఇల్లెందు అడవిలో ఆగి, మూడు నల్లరాళ్ళతో పొయ్యి పెట్టి నిప్పు రాజేస్తే అన్నంతోపాటు పొయ్యి కూడా మండిందట. ఇది నిజమో కాదో గానీ, సింగరేణి కంపెనీ కూడా తన చరిత్రని ఈ కథతోనే మొదలుపెడుతుంది. ఆ తర్వాత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ వచ్చి, సింగరేణి అనే పల్లె దగ్గర బొగ్గు పొరలున్నాయని తేల్చాడు. 1886లో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది, 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది.

ఈ రెండు తేదీల మధ్య ఒక తమాషా జరిగింది. ఇంకా తవ్వని గనిలో ఎంత లాభముందనే ఊహ మీద లండన్ బజార్లో వాటాల ధరలు లేచాయి. నిజాం ప్రభుత్వం తరఫున వ్యవహారం నడిపిన అబ్దుల్ హక్ అనే పెద్దమనిషి, తన దగ్గరున్న వాటాలనే నిజాంకి అమ్మి సొమ్ము చేసుకున్నాడని గొడవైంది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు దీని మీద సెలెక్ట్ కమిటీ వేసింది. అంటే ఈ నేల కింది బొగ్గుకన్నా ముందు అమ్ముడుపోయింది దాని మీద కట్టిన అంచనా అన్నమాట.

నేను చెప్పాలనుకున్నది ఇంకో అంచనా గురించి. బాయి దిగిన మనిషి (ఇక్కడ గనిని బాయి అనే అంటారు) పని మానేశాక ఎన్నాళ్ళు బతుకుతాడు? అతనికివ్వాల్సిన డబ్బు కోసం ఈరోజు ఎంత పక్కన పెట్టాలి? చూడటానికి గుమాస్తా లెక్కలా ఉంటుంది. కానీ కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరుల్లో వేల ఇళ్ళ నెలవారీ సరుకుల చీటీ ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది.

*

బొగ్గుగని కార్మికులకి మొదట్లో పింఛను లేదు. 1948 చట్టంతో ప్రావిడెంట్ ఫండ్ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు మొదట్లో చట్టం అయ్యేనాటికి హైదరాబాద్ సంస్థానం ఇంకా యూనియన్‌లో కలవలేదు కాబట్టి, సింగరేణి దాకా రావడానికి దానికి మరికొంత కాలం పట్టింది. ప్రావిడెంట్ ఫండ్ అంటే ముంతలో దాచుకున్న డబ్బు. నువ్వెంత వేశావో, కంపెనీ ఎంత వేసిందో, వడ్డీ ఎంతయిందో అంతే వస్తుంది. దిగిపోయిన రోజున మొత్తం చేతికిస్తారు. ఆ తర్వాత నువ్వు రెండేళ్ళు బతికినా ముప్ఫయ్యేళ్ళు బతికినా ముంతకి సంబంధం లేదు. ఇక్కడ ఎవరూ ఏమీ ఊహించక్కర్లేదు.

1971లో కుటుంబ పింఛను పథకం వచ్చింది. కార్మికుడు సర్వీసులో ఉండగా చనిపోతే అతని కుటుంబానికి నెలనెలా కొంత ఇచ్చే ఏర్పాటు. దీనికోసం జీతంలో 1.16 శాతం కార్మికుడి నుంచి, అంతే కంపెనీ నుంచి తీసేవారు. ఇక్కడ మొదటిసారి ఊహ అవసరమైంది: ఏడాదికి ఎంతమంది పోతారు, వాళ్ళ భార్యలు ఎన్నాళ్ళుంటారు? అయినా ఇది చిన్న నిధి, చిన్న మాట.

పెద్ద మాట 1998లో ఇచ్చారు. ఆ ఏడాది మార్చి 31 నుంచి బొగ్గు గనుల పింఛను పథకం అమల్లోకొచ్చింది. 30 ఏళ్ళ సర్వీసు చేసిన కార్మికుడికి చివరి పది నెలల సగటు జీతంలో 25 శాతం నెలనెలా, చనిపోయేదాకా. ఆ తర్వాత భార్యకి అందులో కొంత. ఈ నిధి ఎలా సమకూర్చారో చూస్తే కాస్త నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. పాత 1971 పథకంలో మిగిలిన ఆస్తులు, ఆ 1.16 శాతాలు రెండూ. 1989 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి కార్మికుడి జీతంలో 2 శాతం. 1995 జులై 1 నాటి జీతం మీద ఒక ఇంక్రిమెంటు. కేంద్రం తరఫున 1.66 శాతం. ఈ చివరిది మాత్రం నెలకి 1,600 రూపాయల జీతం దాకానే. ఎంత జీతమున్నా కేంద్రం లెక్క 1,600 దగ్గరే ఆగిపోతుంది. పెళ్ళికి బంధువులందరూ తలా ఒక గిన్నె తెచ్చినట్టు కూడిన నిధి ఇది. అన్నీ కలిపినా జీతంలో ఐదు శాతం దరిదాపుల్లోనే.

ఐదు శాతం చందా కట్టి 25 శాతం పింఛను ఎలా వస్తుంది? ఈ ప్రశ్న అప్పట్లో ఎవరికీ రాలేదని అనుకోకండి. దానికి జవాబుంది. ఆ జవాబు పేరు వడ్డీ.

*

1998 నాటి ఇండియాని గుర్తు తెచ్చుకోండి. ఈ వ్యాసం చదివేవాళ్ళలో సగం మంది అప్పటికి పుట్టి ఉండకపోవచ్చు. అప్పుడు ప్రావిడెంట్ ఫండ్ మీద ఉద్యోగులకి ఏటా 12 శాతం వడ్డీ వచ్చేది. పదేళ్ళపాటు అదే రేటు. ప్రభుత్వ బాండ్లు కూడా 12 శాతం చుట్టూనే తిరిగేవి. ఆ రేటున డబ్బు ఆరేళ్ళలో రెట్టింపవుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. నెలకి 1,000 రూపాయల పింఛను, ఇరవయ్యేళ్ళపాటు ఇవ్వాలి. అంటే ఏడాదికి 12,000. మొత్తం 2,40,000 ఇస్తాం. కానీ దానికోసం ఇవాళ అంత పెట్టక్కర్లేదు, మిగతాది వడ్డీ తెచ్చిపెడుతుంది. 12 శాతం వస్తుందనుకుంటే సుమారు 89,600 పెడితే చాలు. అదే 7 శాతమే వస్తుందనుకుంటే 1,27,000 కావాలి. పింఛను మారలేదు, మనిషి మారలేదు, మారింది ఊహ ఒక్కటే. అప్పు 42 శాతం పెరిగింది.

ఇదైనా ఇవాళే దిగిపోతున్న మనిషి సంగతి. ఇంకా ముప్ఫయ్యేళ్ళ సర్వీసున్న కుర్రాడి విషయంలో చూడండి. అతనికి ముప్ఫయ్యేళ్ళ తర్వాత ఇవ్వాల్సిన ఆ పింఛను కోసం 12 శాతం లోకంలో ఇవాళ 3,000 రూపాయలు పక్కన పెడితే సరిపోతుంది. 7 శాతం లోకంలో 16,700 కావాలి. ఐదున్నర రెట్లు! నేను ఈ లెక్క మూడుసార్లు వేసి చూసుకున్నాను. చక్రవడ్డీ మనకి స్కూల్లో అప్పు తీసుకున్నవాడి వైపు నుంచి నేర్పుతారు. మాట ఇచ్చినవాడి వైపు నుంచి అది ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు.

2000 తర్వాత వడ్డీలు జారాయి. ప్రావిడెంట్ ఫండ్ రేటు ఇప్పుడు 8.25. ప్రభుత్వ బాండ్లు 2020లో 6 శాతం దగ్గరికి కూడా వచ్చాయి. 12 శాతం కాలంలో ఇచ్చిన మాటని 7 శాతం కాలంలో నిలబెట్టుకోవాల్సి వచ్చింది.

ఆయుర్దాయం కూడా ఇందులో ఒక ఊహే. దేశంలో పుట్టినప్పటి సగటు ఆయుర్దాయం 1980ల చివర్లో 58 ఏళ్ళ లోపు. ఇప్పుడు 70 దరిదాపుల్లో ఉంది. బీమా సంస్థలు పింఛనుదారుల కోసం వాడే పట్టిక 1996-98 నాటి ఎల్ఐసీ అనుభవం మీద కట్టింది ఒకటుండేది. దాని స్థానంలో 2012-15 లెక్కలతో కొత్తది వచ్చింది. మనుషులు ఎక్కువకాలం బతకడం మంచి వార్తే, నిధికి మాత్రం కాదు. ఇక్కడొక మెలిక ఉంది. వడ్డీ 12 శాతం ఉన్నప్పుడు ఇరవయ్యేళ్ళకి బదులు పాతికేళ్ళు పింఛను ఇవ్వాల్సొస్తే అదనంగా పడే భారం 4,500 మాత్రమే. 7 శాతం ఉన్నప్పుడు అదే ఐదేళ్ళకి 12,700 పడుతుంది. రెండు ఊహలూ ఒకేసారి తప్పితే ఒకదాని దెబ్బని ఇంకోటి పెంచుతుంది. వడ్డీ బాగా వచ్చే రోజుల్లో ఆయుర్దాయం గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

ఆక్చువరీలు, అంటే ఈ లెక్కలు కట్టేవాళ్ళు, ఎప్పుడూ తప్పరని కాదు, ఎప్పుడూ తప్పుతారనీ కాదు. 1744లో స్కాట్లండ్‌లో వాలస్, వెబ్‌స్టర్ అనే ఇద్దరు పాదిరీలు చనిపోయిన పాదిరీల భార్యాపిల్లల కోసం నిధి పెట్టి, 1765 నాటికి అందులో ఎంతుంటుందో ముందే చెప్పారు. ఒక్క పౌండు తేడాతో సరిపోయిందని చెప్పుకుంటారు. హరారీ రాసిన సేపియన్స్ చదివినవాళ్ళకి ఈ కథ గుర్తుండే ఉంటుంది. బాగానే ఉంది. కానీ ఆ ఇరవయ్యేళ్ళలో స్కాట్లండ్ చర్చి తన పాదిరీల సంఖ్యని మూడో వంతుకి తగ్గించలేదు.

సింగరేణిలో జరిగింది అదే.

*

1990ల తొలి రోజుల్లో సింగరేణిలో లక్షా 16 వేల మంది పనిచేసేవారు. అప్పుడు ఏడాదికి తీసే బొగ్గు రెండు కోట్ల టన్నుల లోపు. 2023-24లో కంపెనీ 7 కోట్ల టన్నులు తీసింది. రోల్స్ మీదున్నవాళ్ళు నలభై వేల పైచిలుకు. బొగ్గు మూడింతలు దాటింది, మనుషులు మూడో వంతుకి వచ్చారు. తట్టలు మోసే ఫిల్లర్లు, కోల్ కట్టర్లు ఉన్న భూగర్భ గనుల చోట ఓపెన్ కాస్టులు వచ్చాయి. ఇప్పుడు ఉత్పత్తిలో ఎనభై శాతానికి పైగా అక్కడినుంచే. సత్తుపల్లి వైపు వెళ్తే మట్టి గుట్టలు పాత కొండల పక్కన కొత్త కొండల్లా నిలబడి ఉంటాయి. ఆ మట్టి తీసే పనిలో చాలామటుకు కాంట్రాక్టుకి పోయింది. కాంట్రాక్టు కార్మికుడి జీతం రోల్స్ మీదున్న కార్మికుడి జీతంలో కొంత భాగమే. చందా శాతం ఎంతైనా, చిన్న జీతం మీద నిధిలో పడే రూపాయలు చిన్నవే.

మొత్తం దేశంలోనూ ఇదే వరస. కోల్ ఇండియాలో ఈ శతాబ్దం మొదట్లో ఐదు లక్షలకి పైగా ఉండేవారు, ఇప్పుడు రెండున్నర లక్షల లోపు. బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్ సంస్థ లెక్కల్లో చందాదారులు సుమారు 3.3 లక్షలు, పింఛనుదారులు 6.3 లక్షలు. ఒక్కో చందాదారుడి వెనక దాదాపు ఇద్దరు పింఛనుదారులున్నారు. 1990ల్లో సింగరేణి ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప ఎక్కిన కంపెనీ. మనుషుల్ని తగ్గించడం దాన్ని బతికించిన మందుల్లో ఒకటి. కానీ స్వచ్ఛంద పదవీ విరమణ కింద దిగిపోయిన ప్రతి మనిషీ కంపెనీ జమాఖర్చుల్లోంచి మాయమై, పింఛను నిధి జమాఖర్చుల్లో తేలాడు. ఒక చోట పొదుపు, ఇంకోచోట అప్పు. పుస్తకాలు వేరు కాబట్టి రెండూ ఒకే పేజీలో ఎవరికీ కనిపించలేదు.

జీతాల సంగతీ చెప్పుకోవాలి. బొగ్గు కార్మికుల జీతాలు 1970ల మధ్య నుంచి జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలతో పెరుగుతూ వచ్చాయి. తొమ్మిదో ఒప్పందంలో 25 శాతం, పదోదాంట్లో 20, పదకొండోదాంట్లో 19 శాతం కనీస పెరుగుదల. యూనియన్లు కొట్లాడి తెచ్చుకున్న జీతాలివి, తెచ్చుకోవాల్సినవే. కానీ పింఛను సూత్రంలో చివరి పది నెలల జీతం ఉందని మర్చిపోవద్దు. మాటవరసకి, 1998లో 5,000 జీతమున్న మనిషి 2 శాతం కింద నెలకి 100 రూపాయలు కట్టాడు. అదే మనిషి 2018లో 60,000 జీతంతో దిగిపోతే పింఛను 15,000. అతను కట్టిన చందా ఆ రోజుల జీతాల మీద, అతనికొచ్చే పింఛను ఈ రోజు జీతం మీద. ప్రతి వేతన ఒప్పందమూ సంతకమైన క్షణంలో, దాటిపోయిన సంవత్సరాలన్నిటికీ వెనక్కెళ్ళి అప్పు పెంచుతుంది. ఆ సంవత్సరాల చందాని మాత్రం వెనక్కెళ్ళి ఎవరూ పెంచరు.

ఇక సింగరేణికే ప్రత్యేకమైనది ఒకటుంది, వారసత్వ ఉద్యోగం. తండ్రి ఉద్యోగం కొడుక్కి రావడం ఇక్కడ ఎంత సహజమంటే, పెళ్ళి సంబంధాల్లో కూడా దాని ప్రస్తావన వచ్చేది. 1990ల చివర్లో అది ఆగిపోయింది. తెలంగాణ వచ్చాక మళ్ళీ తెస్తామన్నారు. 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత కారుణ్య నియామకాల పేరుతో మరో రూపంలో మొదలైంది: మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేల్చిన కార్మికుడి బిడ్డకి ఉద్యోగం. ఆక్చువరీ పట్టికలో అనారోగ్యంతో మధ్యలో మానేసేవాళ్ళకి ఒక శాతం వేసుకుంటారు, అది శరీరానికి సంబంధించిన అంకె అనుకుని. కోల్‌బెల్టులో మాత్రం అది ఒక ఇంటి ఆశకి కూడా సంబంధించిన అంకె. యాభై ఐదేళ్ళ తండ్రి మెడికల్ బోర్డు గడప ఎక్కేటప్పుడు అతని మోకాళ్ళ నొప్పి ఎంత నిజమో, ఇంట్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కొడుకు అంత నిజం. నిధి వైపు నుంచి చూస్తే ఒకరు కాస్త ముందే పింఛనులోకి వస్తారు, ఇంకొకరు ముప్ఫయ్యేళ్ళకి పైగా చందా కట్టడానికి వస్తారు. ఇది లాభమా నష్టమా అనేది వయసుల తేడా మీదా జీతాల తేడా మీదా ఉంటుంది. ధన్‌బాద్‌లో కూర్చుని బొగ్గు గనులన్నిటికీ కలిపి వేసే సగటులో ఇల్లెందు ఇంటి లెక్క ఎక్కడ ఇముడుతుంది?

2021లో సింగరేణి పదవీ విరమణ వయసుని 60 నుంచి 61కి పెంచింది. కార్మికులు సంతోషించారు, ఉద్యోగాల కోసం చూస్తున్న పిల్లలు తిట్టుకున్నారు. పింఛను నిధికి మాత్రం అది కానుక. మన పాత 1,000 రూపాయల ఉదాహరణలో, 7 శాతం దగ్గర, ఒక ఏడాది ఆలస్యంగా మొదలై ఒక ఏడాది తక్కువ ఇస్తే భారం సుమారు తొమ్మిది శాతం తగ్గుతుంది. ఆ ఏడాది చందా అదనం. ఏ గొడవా లేకుండా అప్పు తగ్గించే మార్గం ప్రపంచమంతటా ఇదొక్కటే దొరికింది ప్రభుత్వాలకి. గొడవే లేదని ఫ్రాన్స్‌లో అనకండి, కొడతారు.

*

ఊహలు మారినప్పుడు ఆ తేడా ఎవరో ఒకరు కట్టాలి. 2017 అక్టోబరు 10న సంతకమైన పదో వేతన ఒప్పందంలో దానికి జవాబు దొరికింది: ఆ నెల మొదటి తేదీ నుంచి కార్మికుడు 7 శాతం, కంపెనీ 7 శాతం. ఐదు దరిదాపుల నుంచి 14కి, దాదాపు మూడింతలు. ఇది ఒకరకంగా 1998 లెక్క తప్పిందని అందరూ కలిసి ఒప్పుకోవడమే, ఎవరూ ఆ మాట అనకుండా.

ఆ ఏడు శాతం కడుతున్నవాళ్ళెవరు? 2017 తర్వాత చేరిన పాతికేళ్ళ కుర్రాళ్ళు కూడా. వాళ్ళ చందాలో కొంత వాళ్ళ ముసలితనానికి, మిగతాది వాళ్ళ పుట్టుకకి ముందు తక్కువ చందా కట్టినవాళ్ళ పింఛనుకి. ఇది అన్యాయమని నేననను. ఆ ముందువాళ్ళు వాళ్ళ నాన్నలే. కానీ పే స్లిప్పులో ఆ వాటా ఎంతో విడిగా రాసి ఉండదు.

తర్వాత 2020 ప్రాంతంలో కోల్ ఇండియా మరో దారి పట్టింది. టన్నుకి 10 రూపాయల చొప్పున పింఛను నిధికి ఇవ్వడం మొదలుపెట్టింది. ఏడాదికి 77 కోట్ల టన్నుల మీద లెక్కేస్తే 770 కోట్లు. ఇది చాలా పెద్ద మార్పు, కానీ పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. ఇప్పటిదాకా పింఛను జీతానికి ముడిపడి ఉంది, మనుషులు తగ్గితే చందా తగ్గేది. ఇప్పుడు కొంత భాగం బొగ్గుకి ముడిపడింది. యంత్రం తవ్వినా మనిషి తవ్వినా టన్ను టన్నే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1946లో అమెరికాలో జాన్ ఎల్. లూయిస్ నాయకత్వంలో గని కార్మికులు సమ్మె చేస్తే, ట్రూమన్ ప్రభుత్వం గనుల్ని స్వాధీనం చేసుకుని ఒప్పందానికి వచ్చింది. తీసిన ప్రతి టన్ను మీదా ఐదు సెంట్లు కార్మికుల సంక్షేమ, పింఛను నిధికి. యంత్రాలు వస్తాయని లూయిస్‌కి తెలుసు, వాటిని అతను అడ్డుకోలేదు కూడా. యంత్రం తవ్విన బొగ్గే ముసలి కార్మికుడికి అన్నం పెట్టాలన్నాడు. అందులోని ఊహ ఏంటంటే, బొగ్గు ఎప్పటికీ తవ్వుతూనే ఉంటారని. 2019 నాటికి అమెరికాలో బొగ్గు కంపెనీలు వరసగా దివాలా తీశాయి. ఆ ఏడాది డిసెంబరులో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసి ప్రభుత్వ డబ్బుతో ఆ పింఛను నిధిని ఆదుకోవాల్సి వచ్చింది. మన దగ్గర టన్ను లెక్క మొదలైంది సరిగ్గా ఆ తర్వాతే. ఇల్లెందులో చాలా బాయిలు ఎప్పుడో మూతపడ్డాయి. బొగ్గు అయిపోవడమంటే ఏంటో ఆ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు.

అంచనా తప్పితే ఎప్పుడూ లోటే రావాలని లేదు, ఎదురు కథ బ్రిటన్‌ది. 1994లో అక్కడ బొగ్గు పరిశ్రమని ప్రైవేటుపరం చేసినప్పుడు, గని కార్మికుల పింఛనుకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. బదులుగా, నిధిలో మిగులు వస్తే అందులో సగం ప్రభుత్వానిది. మిగులు రాదనో, వచ్చినా కొద్దిగానే వస్తుందనో అనుకుని ఉంటారు. పెట్టుబడులు బాగా పండి, ప్రభుత్వం ఖజానాలోకి నాలుగు వందల కోట్ల పౌండ్లకి పైగా వెళ్ళాయి. 2021లో పార్లమెంటు కమిటీ ఒకటి, ఈ సగం సగం ఒప్పందం ముందూ వెనకా చూసుకోకుండా చేసిందని తప్పుపట్టింది. 2024 అక్టోబరు బడ్జెట్లో 150 కోట్ల పౌండ్ల రిజర్వు నిధిని కార్మికులకి తిరిగిచ్చారు. లక్షా పన్నెండు వేల మంది పింఛను 32 శాతం పెరిగింది. ఊహ తప్పితే ఎవరిది నష్టం అని అందరూ అడుగుతారు. ఎవరిది లాభం అని 1994లో గట్టిగా అడిగినవాళ్ళు లేరు.

ఊహ తప్పి ఖజానాకి లెక్క చెప్పుకోవాల్సిరావడం అనగానే ఈ నేల మీద ఇంకో పేరు గుర్తొస్తుంది. పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న, వసూలైన శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టి, తానీషా చెరలో పడ్డ రామదాసు. కథలో చివరికి రాముడే వచ్చి ఆరు లక్షలూ చెల్లుబెట్టి రసీదు తీసుకుంటాడు. పింఛను నిధుల చరిత్రలో ఇలాంటి పరిష్కారం ఇంకోటి దొరకలేదు.

*

ఇప్పుడు అసలు ఇబ్బందికి వద్దాం. ఒక్కో చందాదారుడి వెనక ఇద్దరు పింఛనుదారులుంటే, 14 శాతం చందా ఒక్కొక్కరికి ఏడు శాతమే అవుతుంది. మాట ఇచ్చింది 25 శాతం. నిధిలో పాత పెట్టుబడుల మీద వడ్డీ ఉంది, టన్ను మీద డబ్బుంది, నిజమే. కానీ లెక్క ఇంకా కూలిపోకుండా నిలబెడుతున్న గుంజ ఒకటుంది. ఆ 25 శాతం ఎవరి జీతంలో? దిగిపోయిన నాటి జీతంలో. ఒకసారి కట్టిన పింఛను ధరలతోపాటు పెరగదు. కరువు భత్యం లేదు. 1999లో దిగిపోయిన కోల్ కట్టర్ పింఛను 1999 జీతం మీద కట్టిందే, ఇవాళ్టికీ. అతని భార్యకి వచ్చేది అందులో భాగమే. అదే పని నుంచి 2023లో దిగిపోయినవాడి పింఛను దానికి ఎన్నో రెట్లు.

పథకంలోనే సమీక్ష నిబంధన ఉంది. ఆక్చువరీ చేత నిధి విలువ కట్టించి, దాన్నిబట్టి చందా రేటునీ పింఛన్నీ మార్చొచ్చు. రిటైర్డ్ కార్మికుల సంఘాలు ఏళ్ళ తరబడి చూపిస్తున్నది దాన్నే. చందా వైపు సమీక్ష జరిగింది, 2017లో. పింఛను వైపు జరగడం ఎందుకు కష్టమో లెక్కలోనే ఉంది. మన 1,000 రూపాయల పింఛన్ని ఏటా 5 శాతం పెంచుతూ పోతే, 7 శాతం వడ్డీ దగ్గర ఇవాళ కావాల్సింది 1,27,000 కాదు, 1,88,600. దాదాపు సగం ఎక్కువ. అంటే ఆక్చువరీ నివేదికలో పింఛను పెరుగుదల అనే గడిలో సున్నా రాసినంతకాలం నిధి ఏదోలా నిలబడుతుంది. ఆ సున్నా కూడా ఒక అంచనాలాగే కనిపిస్తుంది, వడ్డీ పక్కన, ఆయుర్దాయం పక్కన, ఒకే వరసలో. నాకు మాత్రం అది అంచనాలా అనిపించదు. వడ్డీ ఎంత వస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు. సున్నా రాయడం చేతుల్లో పనే.

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తూ ఇదంతా మనకెందుకు అనుకునేవాళ్ళు ఒకసారి మీ ఈపీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. పింఛను అనే గడిలో చాలామందికి నెలకి 1,250 కనిపిస్తుంది. జీతం ఎంతున్నా 15,000 దగ్గర ఆగిపోయి, అందులో 8.33 శాతం. బొగ్గు పథకంలో కేంద్రం 1,600 దగ్గర ఆగినట్టే. 2014 దాకా మీ పింఛన్ని చివరి 12 నెలల సగటు జీతం మీద కట్టేవారు. ఆ తర్వాత 60 నెలల సగటు మీద. జీతం ఏటా పెరుగుతుంటే ఐదేళ్ళ సగటు ఒక ఏడాది సగటుకన్నా తక్కువగానే ఉంటుంది. ఒక అంకె మార్చారు, అప్పు తగ్గింది. ప్రభుత్వ ఉద్యోగుల సంగతైతే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్ళకి సీపీఎస్ పెట్టి ఊహలన్నీ ఉద్యోగి నెత్తినే పెట్టేశారు. వడ్డీ ఎంత, బతికేదెంత అన్నది ఇక నీ తంటా. ఆ గొడవ రెండు రాష్ట్రాల ఎన్నికల్లోనూ విన్నదే.

నెల మొదటి వారంలో కొత్తగూడెం బ్యాంకుల దగ్గర వరస చూడాలి. తెల్ల పంచెలు, సంచీలో మడిచిన పాస్‌బుక్కులు, కొందరి చేతుల మీద బొగ్గు నలుసు చర్మంలోపలికి పోయి నీలంగా మిగిలిన మచ్చలు. ఏడాదికోసారి వీళ్ళందరూ బతికే ఉన్నామని రుజువు చూపించాలి. ఇదివరకు కాగితం మీద సంతకం సరిపోయేది, ఇప్పుడు వేలిముద్ర. ముప్ఫయ్యేళ్ళు తట్ట మోసి, పార పట్టిన వేళ్ళ మీద గీతలు అరిగిపోయి ఉంటాయి, యంత్రం ఒక్కోసారి ఒప్పుకోదు. వేలు తుడిచి మళ్ళీ పెడతారు. ఇంకో వేలు పెడతారు. వెనకనున్న ఆయన వరస జరగలేదేంటని తల పక్కకి వంచి చూస్తాడు.